ఉక్కు నగరం నుంచి చదివితే ప్రేమ్‌చంద్, రేణుల పల్లె ఎలా కనిపిస్తుంది?

జంషెడ్‌పూర్‌లో నిలబడి పల్లెటూరి నవలల గురించి మాట్లాడటం కొంత వింతగా తోచవచ్చు. 1907లో ఏర్పడిన టాటా ఇనుము, ఉక్కు కంపెనీ కోసం పుట్టిన నగరమిది. 1912లో ఇక్కడ ఉక్కు తయారీ మొదలైంది. 1919లో నాటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ జంషెట్జీ టాటా పేరు మీదుగా దీనికి నామకరణం చేసే వరకు ఈ చోటు సాక్చీ. రైలు దిగవలసిన స్టేషన్ పేరు కాలీమాటీ. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే ప్రాంతంలో హో, సంతాల్, భూమిజ్ కుటుంబాలు సేద్యం చేసుకున్న పల్లెలవి. సాక్చీ, జుగ్‌సలాయి, సోనారీ అని ఇప్పుడు పిలిచే పేటలన్నీ ఒకప్పటి ఊళ్ల పేర్లే మోస్తున్నాయి.

ఏటా జులై 31న హిందీ ప్రాంతమంతటా ప్రేమ్‌చంద్ జయంతి జరుపుకోవడం ఆనవాయితీ. జంషెడ్‌పూర్‌లో హిందీ సాహిత్య కార్యక్రమాలకు బిష్టుపూర్‌లోని తులసీ భవన్ చిరకాల వేదిక. సింగ్‌భూం జిల్లా హిందీ సాహిత్య సమ్మేళనం దానిని నిర్వహిస్తోంది. అదే బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కర్మాగారంలో పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారి ఉనికికి అది గుర్తు. ఆ కుటుంబాల పిల్లలకు బడిలో హిందీయే ప్రధానం కావడంతో, ఇంట్లో తెలుగు మాట్లాడే వారిలో చాలామంది ప్రేమ్‌చంద్‌ను మూల భాషలోనే చదివారు. కోస్తాలోనూ తెలంగాణలోనూ దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షల కోసం ఆయనను చదివినవారికి భాష ఒక పరీక్ష. ఇక్కడివారికి అది వీధి భాష.

మట్టి వాసన, వెన్నెల, పచ్చని చేలు కోరి ఈ పుస్తకాలు తెరిచేవారికి నిరాశే మిగులుతుంది. హిందీ పల్లె సాహిత్యంలో పెద్ద రచనలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: సొంత చెక్క ఉన్న రైతు కూలీగా ఎలా మారతాడు? ఆ ప్రశ్నకు రెండో సగం, అంటే కూలీగా మారినవాడు ఎక్కడికి వెళ్లాడన్నది, జంషెడ్‌పూర్ వంటి నగరాల చరిత్ర.

గోదాన్: ఒక అప్పుల పుస్తకం

1936లో వెలువడిన ‘గోదాన్’ ప్రేమ్‌చంద్ పూర్తిచేసిన చివరి నవల. అదే ఏడాది అక్టోబరు 8న ఆయన మరణించారు. కథ అవధ్ ప్రాంతంలోని బేలారీ అనే ఊళ్లో జరుగుతుంది. హోరీకి ఒక ఆవు కావాలి. అంతే కథ. భోలా అనే గొల్లవాని దగ్గర ఎనభై రూపాయలకు అరువు మీద ఆవును తెచ్చుకుంటాడు. సొంత తమ్ముడు హీరా అసూయతో దానికి విషం పెడతాడు. ఆవు పోతుంది, అరువు మిగులుతుంది.

ఈ నవలను విషాదగాథగా చదివి కన్నీరు పెట్టుకోవడం తేలిక. అందులోని అంకెలను కాగితం మీద రాసుకుంటూ చదివినవారికే రచయిత పనితనం తెలుస్తుంది. మంగరూ షా దగ్గర ఎద్దు కోసం హోరీ అరవై రూపాయలు తెచ్చాడు. ఐదేళ్లలో అరవై కట్టాడు. అరవై అలాగే ఉంది. దాతాదీన్ పండితుని దగ్గర ముప్పై తెచ్చి బంగాళాదుంప వేశాడు. దుంపలను దొంగలు తవ్వుకుపోయారు, ముప్పై మూడేళ్లలో వంద అయింది. కొడుకు గోబర్ వల్ల గర్భవతి అయిన ఝునియాను ఇంట్లోకి రానిచ్చినందుకు కులపెద్దలు వేసిన జరిమానా వంద రూపాయలు, ముప్పై మన్‌ల ధాన్యం.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ఉత్తరాది ‘మన్’ మన మణుగు కాదు. మన్ అంటే నలభై సేర్లు, సుమారు 37 కిలోలు. మన మణుగుకు అది మూడు రెట్లకు పైమాటే. ముప్పై మన్‌లంటే పదకొండు క్వింటాళ్లకు మించిన ధాన్యం. కళ్లంలో ఉన్నదంతా కొలిచి పెద్దల ఇళ్లకు మోసేవాడు హోరీయే. ఆ లెక్క తెలియకపోతే, ధనియా అంత గట్టిగా ఎందుకు తిరగబడుతుందో అర్థం కాదు. ఆమె నోటి దురుసు గురించి ఊరంతా చెప్పుకుంటుంది. నవలలో కూడికలు, తీసివేతలు సరిగా చేసేది ఆమె ఒక్కతే.

హోలీ నాడు గోబర్, అతని మిత్రులు వేసే వేషం ఆ లెక్కలకు పరాకాష్ఠ. పది రూపాయలకు పత్రం రాయించుకున్న ఠాకూరు, నజరానా ఒకటి, రాత ఖర్చు ఒకటి, కాగితం ఖర్చు ఒకటి, దస్తూరీ ఒకటి, వడ్డీ ఒకటి విరగ్గోసి ఐదు చేతిలో పెడతాడు. ఆ ఐదు కూడా తమరే ఉంచుకోండంటాడు రైతు వేషగాడు. దొరసానుల నజరానాలకు, తాంబూలాలకు నాలుగు పోగా, చివరిది దొరగారి కర్మకాండకట. ఊరు పగలబడి నవ్వుతుంది. అయితే మరునాడు అప్పు అలాగే ఉంటుంది. ప్రేమ్‌చంద్ నవ్వును ఎప్పుడూ పరిష్కారంగా చూపరు.

దోచుకునేవారిలో ఒక్క ముఖం లేకపోవడం గోదాన్‌లో గమనించవలసిన మరో సంగతి. జమీందారు రాయ్ సాహెబ్ సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చిన దేశభక్తుడు. తన వర్గం పతనం గురించి హోరీ ముందే ఎంతో నిజాయతీగా విచారిస్తాడు. శిస్తు వసూలు మాత్రం ఆగదు. ఆయన గుమాస్తా అయిన కారిందా, మన కరణం వంటి పట్వారీ, పురోహితుడు, వడ్డీ షావుకారు ఎవరికి వారు తమ వాటా తాము తీసుకుంటారు. ఎవరి మీద తిరగబడాలో హోరీకి తెలియదు. చివరకు రోడ్డు పనిలో కంకర తవ్వే కూలీగా, రోజుకు ఎనిమిది అణాల లెక్కన పనిచేస్తూ ఎండదెబ్బకు కూలిపోతాడు. ధనియా పురికొస అమ్మి కూడబెట్టిన ఇరవై అణాలు, అంటే రూపాయి పావలా, గోదానం కింద పురోహితుని చేతిలో పడతాయి. ఆవు కోసం మొదలైన కథ ఆవు లేని గోదానంతో ముగుస్తుంది.

1930లో వచ్చిన ‘పూస్ కీ రాత్’ ఇదే కథను నాలుగైదు పుటల్లో చెప్పింది. కంబళి కోసం దాచుకున్న మూడు రూపాయలు బాకీ కింద పోగా, హల్కూ పుష్యమాసపు చలిలో కుక్కను కావలించుకుని చేనుకు కాపలా కాస్తాడు. నీలిగాయిలు పంటంతా మేసేస్తాయి. ఇక కూలి చేసి శిస్తు కట్టాలని భార్య దిగులు పడితే, రాత్రుళ్లు ఈ చలిలో పడుకోనక్కర్లేదని అతను సంతోషిస్తాడు. పంట పోయినందుకు రైతు సంతోషించడం మీద హిందీ విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. పొలం వదిలి కర్మాగారం గేటు దగ్గర వరుసలో నిలబడినవారి మనవలకు ఆ సంతోషం అంత వింతగా అనిపించకపోవచ్చు. నెల తిరిగేసరికి చేతికి వచ్చే జీతం, వానతో ప్రమేయం లేని అన్నం ఎంత ఊరటో ఆ కుటుంబాలకు తెలుసు.

ఫ్యాక్టరీ కోసం పొలం అడిగితే

జంషెడ్‌పూర్ నుంచి చదవవలసిన ప్రేమ్‌చంద్ నవల ఏదంటే, గోదాన్ కంటే ముందు ‘రంగభూమి’ పేరు చెప్పాలి. ఉర్దూలో ‘చౌగానే హస్తీ’గా మొదలై, హిందీలో 1925లో వెలువడింది. కాశీ పొలిమేరల్లోని పాండేపూర్‌లో సూర్‌దాస్ అనే అంధ భిక్షకుడు ఉంటాడు. తాతల నాటి కొద్దిపాటి భూమిని సాగు చేయకుండా, ఊరి పశువుల మేతకు వదిలేస్తాడు. తోళ్ల వ్యాపారి జాన్ సేవక్‌కు అక్కడ సిగరెట్ల కర్మాగారం కావాలి. మంచి ధర ఇస్తానంటాడు, ఊరికి ఉపాధి అంటాడు, దేశ ప్రగతి అంటాడు. సూర్‌దాస్ ఒప్పుకోడు. చివరకు ప్రభుత్వ యంత్రాంగం తోడై భూమి పోతుంది. కర్మాగారం లేచాక కూలీల ఇళ్ల కోసం మొత్తం పేటనే ఖాళీ చేయమంటారు. గుడిసె వదలనన్న సూర్‌దాస్ తూటాకు బలవుతాడు.

శతాబ్దం దాటిన ఈ నవలలోని వాదనలు ఇవాళ్టి భూసేకరణ సభల్లో వినిపించేవే. ప్రేమ్‌చంద్ అందులో పరిశ్రమను రాక్షసంగా చిత్రించి ఊరుకోలేదు. జాన్ సేవక్ మాటల్లో తర్కం ఉంది. ఊరివారిలో కొందరు అతని వైపే మొగ్గుతారు. ఫ్యాక్టరీ వస్తే కల్లు దుకాణాలు, జూదం వస్తాయన్న సూర్‌దాస్ భయం నవలలో నిజమవుతుంది కూడా. అయితే అతను ఓడిపోయిన ఆటగాడిలా నవ్వుతూ మరణించడం నేటి పాఠకునికి మింగుడుపడటం కష్టం. గాంధీ యుగపు ఆదర్శం అక్కడ కథకు అడ్డు నిలిచింది. పదకొండేళ్ల తరువాత రాసిన గోదాన్‌లో ఆ ఆదర్శవాదం కనిపించదు. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక రచయిత ఎదుగుదల తెలుస్తుంది.

సాక్చీ ఊళ్లలో రంగభూమి వంటి కథ నడిచిందా లేదా అన్నది చరిత్రకారుల పని. ఒక తేదీ మాత్రం ఆలోచింపజేస్తుంది. ఉక్కు కర్మాగారం నిర్మాణం మొదలైన 1908లోనే, ఆదివాసీల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా ఆంక్షలు పెట్టిన ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం అమల్లోకి వచ్చింది. బిర్సా ముండా తిరుగుబాటు, 1900లో జైలులో ఆయన మరణం ఆ చట్టానికి నేపథ్యం. నేటికీ ఝార్ఖండ్ రాజకీయాలు ఆ చట్టం చుట్టూ తిరుగుతున్నాయి.

రేణు పల్లెలో సంతాల్ పేట

ప్రేమ్‌చంద్ పల్లెలో ఆదివాసీ దాదాపు లేడు. గోదాన్‌లో పట్నం పెద్దమనుషులు వేటకు వెళ్లినప్పుడు ఒక అడవి యువతి ఎదురై, వారికి సపర్యలు చేసి, కథలోంచి వెళ్లిపోతుంది. ఆమెకు పేరు కూడా లేదు. రాంచీ, చాయ్‌బాసాల నుంచి చదివేవారి చూపు తప్పకుండా ఆ ఘట్టం దగ్గర ఆగుతుంది.

ఆ లోటును కొంత తీర్చినవారు ఫణీశ్వర్‌నాథ్ రేణు. 1954లో వచ్చిన ‘మైలా ఆంచల్’ బీహార్‌లోని పూర్ణియా జిల్లా, మేరీగంజ్ అనే పల్లె కథ. ‘ఆంచలిక నవల’ అన్న మాటను ముందుమాటలో ఆయనే వాడారు. మలేరియా కేంద్రం కోసం స్థలం చూడటానికి వచ్చిన జిల్లా బోర్డు మనుషులను చూసి, మిలిటరీ వచ్చిందని ఊరు గడగడలాడటంతో కథ మొదలవుతుంది. 1942 నాటి అణచివేత భయం ఇంకా పోలేదు. ఆ జనం నోట మిలిటరీ ‘మలేటరీ’ అయింది. ఇంగ్లిషు పదాలు, పార్టీల నినాదాలు, గాంధీ పేరు అన్నీ పల్లె నాలుక మీద ఇలాగే రూపు మారతాయి. హిందీ బాగా వచ్చినవారికి కూడా మొదటి యాభై పుటలు కష్టమే. మైథిలీ, భోజ్‌పురీ పలుకుబడి, మధ్యలో పాటలు, డోలు మోతలు, సంతాల్‌ల మాదల్ వాద్యం ధ్వనులు అక్షరాల్లోకి వచ్చేస్తాయి. నిఘంటువు పక్కన పెట్టి, పైకి చదివితే దారి దొరుకుతుంది. కళింగాంధ్ర మాండలికంలో కథలు చదివినవారికి ఈ సలహా అక్కర్లేదు.

నవల నడిబొడ్డున సంతాల్‌ల ఘట్టం ఉంది. మేరీగంజ్ అడవిని నరికి సాగులోకి తెచ్చింది సంతాల్‌లు. ఆ భూమి మీద వారికి ఏ హక్కూ లేదు. పాలికి చేసుకునే ఆ భూమి కోసం నిలబడితే, రోజూ కులాల వారీగా కొట్టుకునే ఊరు మొత్తం ఒక్కటై వారి మీద పడుతుంది. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరుగుతాయి. కేసులు సంతాల్‌ల మీదే నడుస్తాయి, యావజ్జీవ శిక్షలు వారికే పడతాయి. దాదాపు అదే సమయంలో ఊళ్లో స్వాతంత్ర్య సంబరాలు. రేణు ఈ రెండింటి మీదా వ్యాఖ్యానం చేయరు, పక్కపక్కన ఉంచుతారంతే. హిందీ సాహిత్యంలో స్వాతంత్ర్యం గురించి ఇంత నిష్ఠురమైన పుటలు తక్కువ. ఆ పుటల్లోనూ సంతాల్‌లు ఎక్కువగా ఒక గుంపుగానే కనిపిస్తారని, వారి మనసులోకి నవల తొంగిచూడలేదని అభ్యంతరం చెప్పేవారున్నారు. ఆ అభ్యంతరంలో నిజముంది.

రేణు రాసిన ‘మారే గయే గుల్‌ఫామ్’ కథ 1966లో ‘తీస్రీ కసమ్’ సినిమా అయింది. అందులో నౌటంకీ కళాకారిణి హీరాబాయిగా నటించిన వహీదా రెహ్మాన్‌ను తెలుగువారు అంతకు పదేళ్ల ముందే ‘రోజులు మారాయి’ ఏరువాక పాటలో చూశారు.

తెలుగు పల్లెకు వచ్చిన కఫన్

ప్రేమ్‌చంద్‌కు తెలుగుతో ఉన్న అతి గట్టి బంధం ఒక సినిమా. ఆయన చివరి కాలపు కథ ‘కఫన్’ను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగు పల్లెకు మార్చి, 1977లో ‘ఒక ఊరి కథ’ తీశారు. ఎం.వి. వాసుదేవరావు తండ్రిగా, నారాయణరావు కొడుకుగా, మమతా శంకర్ కోడలిగా నటించారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. నొప్పులు పడుతున్న ఇల్లాలిని లోపల వదిలి కాల్చిన దుంపలు తింటూ కూర్చున్న తండ్రీ కొడుకులు, ఆమె చనిపోయాక కఫన్‌ గుడ్డ కోసం చందా ఎత్తి ఆ డబ్బుతో తాగుతారు. పని చేసినవాడు బాగుపడని చోట పని ఎగ్గొట్టడమే తెలివి అన్నది వారి వాదన. సేన్ సినిమాలో వెంకయ్య ఆ వాదనను మరింత బిగ్గరగా, కోపంతో వినిపిస్తాడు. నాలుగేళ్ల తరువాత, 1981లో, దూరదర్శన్ కోసం సత్యజిత్ రాయ్ తీసిన ‘సద్గతి’లో ఆ కోపం లేదు. ఓం పురి కట్టె కొడుతూ చనిపోతాడు, శవాన్ని బ్రాహ్మణుడు తాడు కట్టి ఈడ్చుకుపోతాడు, కెమెరా నిశ్శబ్దంగా చూస్తుంది.

కఫన్‌ మీద వివాదం ముగిసిపోలేదు. దళిత కుటుంబాన్ని మానవత్వం లేనిదిగా చూపించారని ఓంప్రకాశ్ వాల్మీకి వంటి రచయితలు ప్రశ్నించారు. సూర్‌దాస్‌ను పదేపదే కులం పేరుతో ప్రస్తావించారంటూ 2004లో ఢిల్లీలో దళిత సంస్థ కార్యకర్తలు రంగభూమి ప్రతులను తగలబెట్టారు. పుస్తకాలు కాల్చడాన్ని సమర్థించనక్కర్లేదు. ‘ఎవరి పల్లె, ఎవరు చెబుతున్నారు’ అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. తెలుగులో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో, గోదాన్ కంటే పద్నాలుగేళ్లు ముందే, దళిత కుటుంబాన్ని నవల కేంద్రంలో నిలిపింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. దానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ఝార్ఖండ్ ఆ ప్రశ్నను తన పద్ధతిలో అందుకుంది. రణేంద్ర 2009లో రాసిన ‘గ్లోబల్ గావ్ కే దేవతా’ అసుర తెగ కథ. తరతరాలుగా రాళ్ల నుంచి ఇనుము తీసిన జాతి అది. పెద్ద కర్మాగారాల ఇనుము వచ్చి వారి కొలుములు ఆరిపోయాక, ఇప్పుడు కాళ్ల కింది బాక్సైట్ కోసం గనుల కంపెనీలు వచ్చాయి. ఉక్కు నగరంలో కూర్చుని చదవడానికి అంత సౌకర్యంగా ఉండే పుస్తకం కాదు. మహువా మాజీ ‘మరంగ్ గోడా నీల్‌కంఠ్ హువా’ (2012) యురేనియం గనుల పక్కన బతికే ఆదివాసీ పల్లెల మీద అణుధార్మికత ప్రభావాన్ని కథగా చెప్పింది. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూం జిల్లాలోనే జాదుగూడ యురేనియం గనులున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు రేణుతోనో, ఆరు వందల పుటల రంగభూమితోనో ఆరంభిస్తే సగంలో వదిలేసే ప్రమాదముంది. ‘పూస్ కీ రాత్’, ‘సవా సేర్ గేహూఁ’, ‘ఠాకుర్ కా కువా’ ఒక్కో సాయంత్రం చాలు. అవి చదివాక గోదాన్‌లో ముందుగా బేలారీ అధ్యాయాలను పట్టుకోవచ్చు. లఖ్‌నవూ విందులు, ఉపన్యాసాలు విసుగనిపిస్తే తొలిసారి వాటిని వేగంగా దాటినా నష్టం లేదు. ఒక్క చోట మాత్రం తొందరపడరాదు. ఊరు వదిలిన గోబర్ లఖ్‌నవూలో చిల్లర వ్యాపారం చేస్తాడు, నాలుగు రూపాయలు చేరగానే తానూ వడ్డీకి తిప్పుతాడు, ఆ తరువాత చక్కెర మిల్లులో కూలీగా చేరతాడు. వేతనాల కోత మీద సమ్మె జరుగుతుంది, గోబర్ దెబ్బలు తింటాడు, మిల్లు తగలబడుతుంది. బేలారీలో తండ్రి అప్పు మాత్రం తీరదు.